ఒకే నేరానికి నాలుగేళ్లా, జీవితాంతమా?

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అనుకుంటాం గానీ కోర్టు తీర్పులకూ చరిత్ర ఉంటుంది. నేను ఎంచుకున్నది అమెరికాలోని గ్రాహం కేసు. నేరం చేసినప్పుడు అతని వయసు 16, ఇంచుమించు నా వయసే.

2003 జులైలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో గ్రాహం, మరో ముగ్గురు కుర్రాళ్లు ఒక హోటల్‌ను దోచుకోబోయారు. వాళ్లలో ఒకడు అక్కడ పనిచేసేవాడే, వెనక తలుపు గడియ వెయ్యకుండా ఉంచాడు. గ్రాహంతో లోపలికి వెళ్లినవాడు మేనేజర్ తల మీద కడ్డీతో కొట్టాడు. కుట్లు పడ్డాయి. డబ్బు మాత్రం ఏమీ దొరకలేదు. కేసు పెద్దవాళ్ల కోర్టులోనే నడిచింది. గ్రాహం నేరం ఒప్పుకుంటే మూడేళ్ల ప్రొబేషన్ ఇచ్చారు. అందులో మొదటి ఏడాది జైల్లో గడపాలి.

విడుదలై ఆరు నెలలైనా కాలేదు. 18 ఏళ్లు నిండడానికి ఇంకా 34 రోజులుందనగా, ఒక ఇంట్లో జరిగిన దోపిడీ కేసులో మళ్లీ పట్టుబడ్డాడు. ఇంట్లోవాళ్లను తుపాకీతో బెదిరించిన దోపిడీ అది. భయపడ్డ వాళ్ల వైపు నుంచి చూస్తే కోపం రావడం సహజమే.

ప్రొబేషన్ తప్పాడని 2006లో జడ్జి పాత నేరానికే కొత్తగా శిక్ష వేశాడు. జైళ్ల శాఖ నాలుగేళ్లు మించొద్దంది. ప్రభుత్వ వకీలు 30 ఏళ్లు అడిగాడు. జడ్జి యావజ్జీవం వేశాడు! ఫ్లోరిడాలో అప్పటికే పెరోల్ రద్దయింది కాబట్టి, గవర్నర్ క్షమాభిక్ష పెడితే తప్ప చచ్చేదాకా బయటికి రాలేడు.

అప్పీలు వేస్తే రాష్ట్ర అప్పీలు కోర్టు శిక్ష సబబే అంది. రాష్ట్ర సుప్రీంకోర్టు కేసు చూడనేలేదు. చివరికి కేసు దేశ సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ వాదనకు ఆధారం 1791 నాటి ఎనిమిదో రాజ్యాంగ సవరణ. క్రూరమైన, అసాధారణమైన శిక్షలు కూడదంటుంది అది. 2010 మే 17న జస్టిస్ కెనడీ తీర్పు రాశారు. ప్రాణం తీయని నేరానికి, 18 లోపు పిల్లలకు, బయటపడే దారే లేని యావజ్జీవం చెల్లదన్నారు. ఆ వయసులో స్వభావం ఇంకా గట్టిపడదు, మారే వీలుంటుంది, అది నిరూపించుకునే అవకాశం ఇవ్వాలి. విడుదల చేసి తీరాలని మాత్రం అనలేదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యమనిపించింది. కోర్టు లెక్క ప్రకారం అలాంటి శిక్షలో ఉన్నవాళ్లు దేశమంతటా 123 మంది, అందులో 77 మంది ఫ్లోరిడాలోనే!

2012లో గ్రాహంకు మళ్లీ శిక్ష ఖరారు చేశారు. ఈసారి 25 ఏళ్లు. నాకు అదీ ఎక్కువే అనిపిస్తోంది. మా నాన్నగారు మాత్రం ఒప్పుకోవడం లేదు.