రంగుల రహస్యం ఎవరి ఆస్తి?

పారిశ్రామిక గూఢచర్యం అనగానే కంపెనీ గేట్లూ, తాళం వేసిన ప్రయోగశాలలూ మనసులో మెదులుతాయి. మా చౌటుప్పల్ చుట్టూ మందుల పరిశ్రమలున్నాయి కనుక ఆ దృశ్యం మాకు కొత్త కాదు. కాని ఈ చరిత్ర అద్దకపువాళ్ల రంగు బానల దగ్గర ఏనాడో మొదలైంది.

గాస్టన్ లారెంట్ కేర్దూ పేరు సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. తెలుగు నిఘంటువు కూర్చి, సంస్కృత లాటిన్ పోలికలను 1767లో ప్యారిస్ పండితులకు తెలిపిన జెస్యూట్ ఫాదరీ. ఆయనే 1742లో కోరమాండల్ తీరం నుంచి మరో ఉత్తరం రాశాడు. తాను బాప్తిస్మమిచ్చిన అద్దకపువాళ్లనే అడిగి, కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరివేరు ఏ వరుసలో వాడాలో అందులో వివరించాడు. 1759లో ఫ్రాన్సు అద్దకపు బట్టలపై నిషేధం ఎత్తేసింది. 1760లో జూయీలో ఓబర్‌కాంఫ్ కర్మాగారం వెలిసింది. ఆ ఒక్క ఉత్తరమే ఇందుకు కారణమనడం అతిశయోక్తి. అయినా తరాల శ్రమ అచ్చులోకెక్కి, అచ్చూ పెట్టుబడీ ఉన్నవాళ్లకు ఉపయోగపడిందన్నది నిజం. నమ్మి చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

మా పక్కనున్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడుతుంది. నూలును నూనెలో పదును చేసే విద్యను కాదు. 2024లో లా కమిషన్ వాణిజ్య రహస్యాలకు ప్రత్యేక చట్టాన్ని సిఫారసు చేసింది. అటువంటి చట్టం వస్తే కంపెనీ ఫార్ములాకు రక్షణ దొరకవచ్చు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని కూడా అది రహస్యానికి హక్కుదారుగా గుర్తిస్తుందా? సేకరణల పేరిట పనివాళ్ల మాటలు రాసుకునే మన రచయితలమూ ఈ ప్రశ్నకు జవాబుదారులమే.