ఇంటిపేరు లేని వంశచరిత్ర: నేటాలు తెలుగువారి పూర్వికాన్వేషణము

వంశచరిత్ర యనగానే మనకు ముందుగా స్ఫురించునది రాజప్రశస్తి. శాసనముల మొదట సూర్యునినో చంద్రునినో నిలిపి అచ్చటినుండి పురుషానుక్రమమును చెప్పుట పరిపాటి. 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి శాసనము కాకతీయులను సూర్యవంశమున చేర్చగా, వారిని చతుర్థకులజులనిన శాసనములును కలవు. ఇట్టి విరోధములను పరిశీలించి, ఏది ప్రమాణము, ఏది కల్పన యని తేల్చుట చరిత్రకారుని పని. సామాన్య కుటుంబముల చరిత్రమునకును ఈ పరీక్ష అంతే అవసరమని మా యభిప్రాయము. అందులకు నేటాలునకు వలసపోయిన తెలుగు కూలీల సంతతివారి విషయమును ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

నేటాలు నేడు దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రము. అచ్చటి చెరకు తోటల పనికై కూలీలను గైకొని 1860 అక్టోబరు 12న మదరాసు రేవు విడిచిన ట్రూరో యను ఓడ నవంబరు 16న డర్బను చేరెను. నడుమ కొన్ని యేండ్లు ఆగి 1874లో మరల సాగిన ఈ వలస 1911లో నిలిచిపోయెను. ఈ కాలమున అయిదేండ్ల ఒడంబడికపై పోయినవారు మొత్తము 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండు వంతులు మదరాసు రేవున ఓడ యెక్కినవారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి.

ప్రతి ఓడకును ఒక పట్టీ కలదు. అందు మనిషికొక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాయబడినవి. పుట్టుమచ్చకు సయితము గడి యుంచిన ఆ పట్టీలో ఇంటిపేరునకు గడి లేదు.

ఈ లోపము ఎంత పెద్దదో తెలుగువారికి వివరింప నక్కరలేదు. మనకు చుట్టరికము తెలియుట ఇంటిపేరుతోను గోత్రముతోను. పిచ్చుకుంటులవారు కాపుల యిండ్లకు వచ్చి చదువునది ఈ రెంటినే. ఓడ పట్టీలో ఇంటిపేరు లేకపోవుటచే నేటాలున తండ్రిపేరో, నాయుడు, రెడ్డి వంటి కులబిరుదమో కుటుంబనామముగా స్థిరపడెను. కావున డర్బనులో ఇద్దరు నాయుళ్లు దాయాదులు కానక్కరలేదు. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు తండ్రిపేరును, మరొకడు బిరుదమును నిలుపుకొన్నచో వారి మనుమలు ఒకరినొకరు పరాయివారనియు తలపవచ్చును. ఇప్పటి కుటుంబనామమును పట్టుకొని ఆంధ్రదేశమున బంధువులను వెదకుట, కావున, దారి తప్పుటయే.

సరియైన మార్గము సంఖ్యతో ఆరంభమగును. కుటుంబమునందలి పాత వివాహపత్రములోనో మరణపత్రములోనో ఆ సంఖ్య దొరకినచో పట్టీలోని పంక్తి దొరకును. డర్బనులోని గాంధీ-లుథూలి పత్రకేంద్రము ఈ పట్టీలను అన్వేషకులకు అందుబాటులోనికి తెచ్చినది. తరువాతి పని గ్రామనిర్ణయము. ఇది భాషాశాస్త్రము తెలిసినవారి పని యని మేము నొక్కి చెప్పుచున్నాము. గుమాస్తా చెవికి వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసినాడు. ఆ వ్రాతలో టకారతకారములకు భేదము లేదు, హ్రస్వదీర్ఘములకు భేదము లేదు. కొత్తపల్లియు కోటపల్లియు అందు ఒక్కటియే కావచ్చును.

జిల్లా పేరును సయితము నాటి యర్థముననే గ్రహింపవలెను. నాటి విశాఖపట్టణము జిల్లానుండి కోరాపుట్టు ప్రాంతము 1936లో ఒరిస్సాకు పోయినది. శ్రీకాకుళము 1950లో వేరు జిల్లాయైనది. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. 2022లో మరల విభజనము జరిగినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనిది. కావున ఆ జిల్లా పేరు కనబడినంతమాత్రమున ఆ మనిషిని తమిళుడని నిశ్చయింపరాదు. ఇట్టి యెడల వ్యక్తినామము తోడ్పడును. అప్పలస్వామి, సింహాద్రి యను పేర్లు సింహాచలమువైపును, పైడయ్య, పైడమ్మ యనునవి పైడితల్లి కొలువైన విజయనగరమువైపును చూపును. అయితే పేరు దిక్కును సూచించునే గాని, తనంతట తాను ప్రమాణము కాజాలదు.

గ్రామము తేలినపిమ్మటనే అసలు కష్టము. రైతువారీ గ్రామములలో ప్రభుత్వపు భూమిలెక్కలయందు రైతుల పేర్లు కానవచ్చును. 1802 నాటి శాశ్వత పరిష్కారమునకు లోబడిన జమీందారీ గ్రామములలోనో, అట్టి వివరములు చాలవరకు సంస్థానపు లెక్కలకే పరిమితములు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టమువరకు ఈ స్థితి సాగినది. సెంటు భూమి లేక ఓడ యెక్కినవాని పేరు ఈ రెంటిలోను ఉండదు. ఇక మిగులునది వృద్ధుల నోటిమాట. నాలుగైదు తరముల వెనుక ఇల్లు విడిచిన వానిని స్మరించు కుటుంబమున్నచో, ఆ స్మృతిలోని తండ్రిపేరును పట్టీలోని తండ్రిపేరుతో సరిచూడవలెను. అడుగువారు ముందుగా పేరు చెప్పరాదు. చెప్పినచో వినువారు మర్యాదకు అవుననుట సహజము. మరికొందరు, వచ్చినవారు భూమిలో పాలు అడుగుదురేమోయను భయమున కాదనుటయు కలదు. అవును, కాదు అను రెండును ఇచ్చట పరీక్షింపవలసినవే.

పూర్వికుల యూరిని వెదకి సముద్రము దాటి వచ్చినవాని ఆర్తి సామాన్యమైనది కాదు. ఆ యార్తిని చూచి, ఎదుట నున్న ఏదో యొక ఇంటిని చూపి ‘ఇదియే మీది’ యనుట సులభము. కాని అట్లు చేసినచో, రాజులకు సూర్యచంద్రులను ముత్తాతలుగా నిలిపిన ప్రశస్తికారునికిని మనకును భేద మేమున్నది? ప్రమాణము గ్రామమువరకే నడిపించినచో గ్రామమువద్దనే ఆగవలెను. ‘మీ యూరు ఇది, మీ యిల్లు ఇంకను తేలలేదు’ అని చెప్పుట నిరాశను కలిగింపవచ్చును. అయినను ఆ చెరువుగట్టు, ఆ గ్రామదేవత గుడి, ఆ యూరి పలుకుబడి అతని పూర్వికులవియే. ఇల్లు పోయినవానికి ఊరిని నిస్సంశయముగ చూపగలుగుట అల్పమైన సేవ కాదని మా విశ్వాసము.