రెండోవాడా, మూడోవాడా? - కాంగ్రెసు అధ్యక్ష పోటీ, పత్రికల లెక్క

2022 అక్టోబరులో అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పదవికి మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ పోటీపడుతున్నప్పుడు పత్రికల్లో ఒక వాక్యం పదే పదే కనిపించింది. ఖర్గే గెలిస్తే జగ్జీవన్‌రాం తర్వాత ఆ కుర్చీ ఎక్కే రెండో దళితుడు అవుతారని దాని సారాంశం. వార్తాసంస్థ పంపిన ముక్కను చాలా పత్రికలు ఉన్నదున్నట్టు అచ్చేసుకున్నాయి. మల్యాల క్రాస్‌రోడ్డు దగ్గర చాయ్ హోటల్లో నేను ఆ వార్త పైకి చదువుతుంటే, పక్కన కూర్చున్న మా వాడకట్టు పెద్దాయన "మరి మన సంజీవయ్యను యాడ పెట్టిండ్రు?" అన్నడు. ఆయన బడి మొకం చూసినోడు కాదు. మా ఇంట్ల యూనివర్సిటీ దాకా పోయిన మొదటివాణ్ణి నేను. కాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి మొదలైంది.

ముందు లెక్క సరిచేద్దాం. దామోదరం సంజీవయ్య 1921లో కర్నూలు దగ్గరి పెదపాడులో మాల కుటుంబంలో పుట్టారు. 1960 జనవరి 11న, నలభై ఏళ్లు నిండకముందే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆయన ఆ పదవిలోకి వచ్చిన తీరు, దిగిన తీరు రెండూ గమనించాలి. నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లడంతో ఇక్కడ కుర్చీ ఖాళీ అయింది. 1962 ఎన్నికలు కాగానే సంజీవరెడ్డి తిరిగొచ్చి మార్చి 12న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య ఢిల్లీ వెళ్లి ఆయన ఖాళీ చేసిన అధ్యక్ష పదవిలో కూర్చున్నారు. అంటే జగ్జీవన్‌రాం కంటే ఎనిమిదేళ్ల ముందే ఒక తెలుగు దళితుడు కాంగ్రెసు అధ్యక్షుడు. అంతటితో అయిపోలేదు. జగ్జీవన్‌రాం తర్వాత కూడా మళ్లీ ఆయనే అధ్యక్షుడు. 1972 మేలో ఆ పదవిలో ఉండగానే చనిపోయారు. కాబట్టి ఖర్గే రెండోవాడు కాదు, మూడోవాడు.

ఇది చిన్న పొరపాటు గదా అని కొందరు మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోను. 1939లో సుభాష్ బోసు చేతిలో ఓడిన పట్టాభి సీతారామయ్య పేరు మన బడి పిల్లలకు తెలుసు. ఆయన ఓటమి తన ఓటమేనని గాంధీ అన్నమాట పాఠ్యపుస్తకాలకెక్కింది. ఓడిన బ్రాహ్మణ నాయకుడు చరిత్రలో ఉన్నాడు. అదే కుర్చీలో రెండు దఫాలు కూర్చున్న మాల నాయకుడు హైదరాబాదులో ఒక పార్కు పేరుగా మిగిలాడు. ఎవరిని గుర్తుపెట్టుకోవాలో, ఎవరిని మరవాలో నిర్ణయించే చేతులు ఎవరివన్నదే ప్రశ్న.

ఇప్పుడు పోటీ సంగతికి వద్దాం. థరూర్ ప్రచారం పత్రికల కోసం, టీవీల కోసం కట్టిన ప్రచారం. ఎన్నికల ప్రణాళిక వేశారు, నినాదం తయారుచేశారు, ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలిచ్చారు. అక్టోబరు 1న నాగపూరు దీక్షాభూమికి వెళ్లి ప్రచారం మొదలుపెట్టారు. దళితుడైన ప్రత్యర్థి మీద పోటీకి దిగిన అగ్రకుల అభ్యర్థి అంబేద్కర్ బౌద్ధం స్వీకరించిన నేల మీద నిలబడి తొలి అడుగు వేశాడంటే, దళిత ప్రతీకల బలం ఎంత పెరిగిందో అర్థమవుతుంది. ఆ ప్రతీకలు ఎవరి చేతికైనా ఎంత సులువుగా అందుతున్నాయో కూడా అర్థమవుతుంది.

ఖర్గే వ్యూహం వేరు. ఆయన ప్రత్యేక ప్రణాళిక వేయలేదు. 2022 మేలో ఉదయపూర్‌లో పార్టీ చేసిన తీర్మానాన్ని అమలుచేస్తానన్నారు. సెప్టెంబరు 30న, గడువు ముగిసే రోజున, 14 సెట్ల నామినేషన్లు వేశారు. ఆ కాగితాల మీద సంతకాలు చూస్తే వ్యూహం కనిపిస్తుంది. 2020లో నాయకత్వాన్ని ప్రశ్నిస్తూ సోనియాగాంధీకి లేఖ రాసిన 23 మందిలో థరూర్ ఒకరు. అదే లేఖ మీద సంతకం చేసిన ఆనంద్‌శర్మ, మనీష్ తివారీ వంటివారు ఈసారి ఖర్గే పక్షాన సంతకం పెట్టారు. ప్రత్యర్థి సొంత గుంపు పోటీకి ముందే చీలిపోయింది. అక్టోబరు 17న పోలింగు, 19న లెక్కింపు. ఖర్గేకు 7,897 ఓట్లు, థరూర్‌కు 1,072. చెల్లనివి 416.

గాంధీ కుటుంబం మొగ్గు ఖర్గే వైపు ఉందన్నది దాచవలసిన విషయం కాదు. రాష్ట్ర అధ్యక్షులు తనకు దొరకలేదని, ఖర్గే వస్తే మాత్రం ఎదురెళ్తున్నారని థరూర్ చేసిన ఫిర్యాదులో నిజం లేకపోలేదు. పోలింగు తీరు మీద ఆయన వర్గం అభ్యంతరం చెప్పిన రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్, పంజాబుతో పాటు మన తెలంగాణ కూడా ఉంది. దళిత అభ్యర్థి గెలిచాడు గదా అని మనం ఈ మాటలు పక్కన పెడితే, రేపు మనకు అన్యాయం జరిగినప్పుడు మాట్లాడే హక్కు పోగొట్టుకుంటాం.

అయితే పత్రికలు ఖర్గే గురించి రాసిందంతా ఈ ఒక్క ముక్కే. అధిష్ఠానం మనిషి, రబ్బరు స్టాంపు. బీదరు జిల్లా వరవట్టిలో 1942లో పుట్టి, 1948 నాటి రజాకార్ల దాడుల్లో తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు. కార్మికుల కేసులు వాదించిన వకీలు. 1972 నుంచి వరసగా తొమ్మిదిసార్లు కర్ణాటక శాసనసభకు గెలిచిన మనిషి. 1999లో, 2004లో, 2013లో ముఖ్యమంత్రి పదవి దగ్గరిదాకా వచ్చి వేరేవాళ్లకు పోయింది. ఆ మూడుసార్లు ఎందుకు పోయిందో తవ్వి చూద్దామన్న ఆసక్తి పత్రికలకు కలగలేదు. ఆ వరవట్టి, మా మల్యాల అప్పట్లో ఒకే నిజాము రాజ్యంలోని ఊళ్లు. మా పెద్దలు చెప్పే కథ, ఆయన కథ ఒకే కాలంలోవి. అయినా మా జిల్లా పేజీల్లో ఆ సంబంధం రాసినవాళ్లు నాకు కనబడలేదు.

ఎందుకు కనబడరు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత విలేకరి కోసం వెతికాడు. గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తిరగేసినా ఒక్కరూ దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశాడు. వార్త రాసే బల్ల దగ్గర సంజీవయ్యను ఎరిగినవాళ్లు ఒక్కరున్నా ఆ "రెండో దళితుడు" అచ్చయ్యేది కాదు. అంబేద్కర్ 1920లోనే 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ ఎన్నికలో ఓటున్నది దేశం మొత్తం మీద పదివేల లోపు ప్రదేశ్ కాంగ్రెసు ప్రతినిధులకు. మల్యాల ఉన్న చొప్పదండి 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎన్నికలొస్తే జెండాలు మోసేది, గోడలకు రాసేది, సభలకు జనాన్ని తోలుకపోయేది మా వాడకట్టు పిల్లలే. పార్టీ అధ్యక్షుణ్ణి ఎన్నుకునే చీటీ వాళ్ల చేతికి రాలేదు. 2023 ఫిబ్రవరిలో రాయపూర్‌లో కాంగ్రెసు కార్యవర్గంలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలకు, మైనారిటీలకు, స్త్రీలకు, యువతకు సగం చోట్లు కేటాయిస్తూ నిబంధన మార్చారు. మంచిదే. కాని అదే రాయపూర్‌లో కార్యవర్గానికి ఎన్నిక జరపకుండా నియమించే అధికారం అధ్యక్షుడికే ఇచ్చారు. 1962లో సంజీవయ్యకు జరిగిందేమిటో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకరు ఇచ్చిన కుర్చీని వాళ్లే మళ్లీ తీసుకోగలరు. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి దళితుడేనన్న వాగ్దానం 2014 జూన్ 2న ఏమైందో మనం కళ్లారా చూసినం.

కాబట్టి విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. పత్రిక లెక్కను లెక్కగా తీసుకోవద్దు. మీ మండలంలో ఏ పార్టీ కమిటీలో ఎవరున్నారో, ఓటు ఎవరికుందో, జెండా ఎవరు మోస్తున్నారో కాగితం మీద పెట్టండి. మా పెద్దాయన లాంటివాళ్లు ప్రతి వాడకట్టులో ఉన్నారు. వాళ్లు చెప్పేది రాసుకోండి. సంజీవయ్యను ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. చిన్నప్పుడు వాళ్ల నాయన చెప్పంగ విన్నడట. ఆ జ్ఞాపకం ఇన్నేళ్లూ ఒక్క నోటి మీదనే నిలిచింది. ఇప్పుడన్నా అది కాగితం మీదికి రావాలె.