సెలైను సూదిని ఎప్పుడు మార్చవలెను?

ఆసుపత్రిలో రోగిని చూడబోయిన వారందరును సెలైను సీసాను ఎరుగుదురు. సీసాలో ద్రవమెంత మిగిలినది, చుక్క సరిగా పడుచున్నదా అని మన కన్నులు పైకే పోవుచుండును. రోగి ముంజేతిమీద అంటుపట్టీ క్రింద దాగియున్న చిన్న గొట్టమును ఎవరును అంతగా పట్టించుకొనరు. వాడుకలో దానిని సెలైను సూది అందుము. నిజమునకు లోపలనున్నది సూది గాదు, మెత్తని ప్లాస్టిక్ గొట్టము. ఆసుపత్రివారు దానిని కాన్యులా అందురు. మనము నరమనుచున్న దానిని వైద్యులు సిర అందురు. చర్మమును దాటి సిరలోనికి పోయిన ఈ గొట్టము బయటి లోకమునకును రక్తమునకును నడుమ ఒక ద్వారమువలె నిలిచియుండును. మందు పోవు ద్వారముననే సూక్ష్మజీవియు పోగలదు. అట్టి ద్వారమును ఎన్నాళ్లు తెరచియుంచవచ్చును? మూడవనాడు తప్పక మార్చవలెనా, లేక బాగున్నంతకాలము ఉంచవచ్చునా? ఈ ప్రశ్నకు వైద్యులు చెప్పిన సమాధానము కాలముతోపాటు మారుచు వచ్చినది. ఆ మార్పుల చరిత్రయే ఈ ప్రసంగ విషయము.

సిరలోనికి ఉప్పునీరు ఎక్కించు చికిత్స కలరాతో ఆరంభమైనది. 1831వ సంవత్సరమున ఆ వ్యాధి ఇంగ్లండునందు ప్రవేశించెను. విలియం బ్రూక్ ఒషాగ్నెసీ అను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందుండి నీరును లవణములును తరలిపోవుచున్నవని కనుగొనెను. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లు. తరువాత నితడే ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తాకు వచ్చి, భారతదేశమున తంతితపాలా మార్గములను వేయించెను. ఆతడు కనుగొన్న దానిని ఆచరణలో పెట్టినవాడు స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా. 1832లో ఆయన మరణావస్థలో నున్న ఒక వృద్ధురాలి చేతి సిరలోనికి చిన్న గొట్టమును దూర్చి, ఉప్పును సోడాను కలిపిన నీటిని కొంచెము కొంచెముగా పంపెను. సుమారు మూడు లీటర్లు ఎక్కునప్పటికి ఆమె ముఖమున జీవకళ తిరిగి వచ్చినది. ఆమె కోలుకొన్నదని తలచి, లాటా ఆమెను మరియొక వైద్యునికి అప్పగించి వెడలిపోయెను. వాంతులును విరేచనములును మరల మొదలైనవి. మరల ద్రవమును ఎక్కించినవారు లేరు. కొన్ని గంటలలో ఆమె మరణించినది. చికిత్స తెలిసియుండుట వేరు, రోగిని కనిపెట్టియుండుట వేరు అను పాఠము మొదటినాడే కనబడినది. మన కథ ముగింపున ఈ పాఠము మరల ఎదురగును.

లాటా 1833లో మరణించెను. ఆయన పద్ధతి చాలకాలము మూలబడినది. సూక్ష్మజీవుల సంగతి అప్పటివారికి తెలియదు. 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను శుభ్రపరచు విధానమును ప్రకటించిన పిమ్మటనే, చర్మమును తెరచుటలోని అపాయము వైద్యులకు బోధపడసాగెను. ఇరువదవ శతాబ్దిలో సిరద్వారా ద్రవమును ఎక్కించుట ఆసుపత్రులలో సాధారణమైనది. అప్పటి సామగ్రి గాజుసీసా, రబ్బరు గొట్టము, ఉక్కుసూది. సూదిని ఉడికించి, సానబట్టి, మరల మరల వాడుచుండిరి. ఉక్కుసూది బిరుసైనది. రోగి చేయి కదలిననాడు అది సిరగోడను చీల్చుకొని బయటికి వచ్చును. ద్రవము మాంసములోనికి పోయి చేయి ఉబ్బును. కాబట్టి చేతిని చెక్కకు కట్టియుంచెడివారు. ఇట్టి సూది దినముల తరబడి నిలుచుట అరుదు. ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు అప్పుడు చోటే లేదు. అది తనంతట తానే చెడిపోవుచుండెను.

ప్రశ్నను పుట్టించినది ప్లాస్టిక్. 1945లో అమెరికా వైద్యులు సన్నని ప్లాస్టిక్ గొట్టములను సిరలో నిలుపు పద్ధతిని ప్రకటించిరి. 1950లో రోచెస్టరు నగరమందలి మేయో క్లినిక్ వైద్యులు మరింత సులువైన సాధనమును వెలువరించిరి. దానిని రూపొందించినవాడు అచ్చట మత్తువైద్యమున శిక్షణ పొందుచుండిన డేవిడ్ మాసా. లోపల ఉక్కుసూది, దానిపై తొడుగువలె ప్లాస్టిక్ గొట్టము. సూది సిరను గ్రుచ్చును. తరువాత సూదిని వెనుకకు లాగివేయుదురు. మెత్తని తొడుగు లోపల మిగులును. నేడు మన ఆసుపత్రులలో వాడు కాన్యులాకు ఇదియే పూర్వరూపము. రోగి చేయి కదల్పవచ్చును, ప్రక్కకు ఒత్తిగిలి పరుండవచ్చును. గొట్టము దినముల తరబడి నిలువసాగెను. సుఖముతోపాటు అపాయమును నిలిచినది.

ఆ అపాయము రెండు విధములు. మొదటిది సిరవాపు. గొట్టము సిరలోపలి పొరను ఒరయుట వలనను, ఘాటైన మందుల వలనను సిర ఎఱ్ఱబారి, వేడెక్కి, నొప్పెట్టి, త్రాడువలె గట్టిపడును. దీనికి చాలసార్లు సూక్ష్మజీవితో పనిలేదు. రెండవది సూక్ష్మజీవులు రక్తమున చేరుట. చర్మముమీది క్రిములు గొట్టము వెంబడి లోనికి ప్రాకవచ్చును. మందు నెక్కించువారి చేతినుండి గొట్టము మూతిలోనికి దిగవచ్చును. గొట్టముమీద అవి జిగురుపొర అల్లుకొని కూర్చున్న యెడల, మందులకు సులభముగా లొంగవు. ఇది అరుదు, కాని వచ్చినచో ప్రాణాంతకము కావచ్చును. మొదటిది తరచుగా వచ్చునది, కంటికి కనబడునది; రెండవది అరుదైనది, కనబడకయే రాగలది. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో తరువాతి వాదములన్నియు సుబోధములగును.

1963లో అమెరికా వైద్యపత్రికలో ఒక పరిశోధన వెలువడినది. 48 గంటలు దాటి సిరలో నున్న ప్లాస్టిక్ గొట్టములపై సూక్ష్మజీవులు హెచ్చుగా కనబడినవని దాని సారము. 1970–71లో ఆ దేశమున పలు ఆసుపత్రులలో రోగులకు సూక్ష్మజీవులు రక్తమున చేరి జ్వరములు వచ్చినవి. విచారింపగా, దోషము కర్మాగారమునుండి వచ్చిన ద్రవపు సీసాల మూతలలో నున్నట్లు తేలెను. ఆ విచారణలో పాల్గొన్న డెన్నిస్ మాకి మొదలగువారు సిరచికిత్సకు గట్టి నియమములు కావలెనని బోధించిరి. 1981లో అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము, కాన్యులాను 48 మొదలు 72 గంటలలో మార్చవలెనని సూచించెను. 2002 నాటి సూచనలో అది 72 మొదలు 96 గంటలైనది. గడియారమే యజమాని అయినది. గొట్టము బాగున్నను బాగులేకున్నను, గడువు తీరగానే తీసి మరియొక చోట గ్రుచ్చవలెను.

ఈ నియమమునకు వెల చెల్లించినది రోగి చేయి. సిరలు దొరకని వృద్ధులకును, నెలల తరబడి మందులు ఎక్కించుకొనువారికిని ప్రతి మార్పును ఒక పరీక్షయే. ఒక్కొక్కప్పుడు రెండు మూడుసార్లు గ్రుచ్చినగాని సిర దొరకదు. పైగా ప్రతి కొత్త రంధ్రమును కొత్త ద్వారమే గదా! మరియొక విచిత్రము గలదు. 2002 నాటి సూచనయే పసిపిల్లలకు గడువు అక్కరలేదనెను. ఉపద్రవము కనబడనంతవరకు, చికిత్స ముగియుదాక వారి గొట్టమును ఉంచవచ్చును. పిల్లలకు చెల్లినది పెద్దలకేల చెల్లదు? ఈ సందేహమును తీర్చుటకు పరీక్షలు మొదలైనవి.

వానిలో పెద్దది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండు రాష్ట్రమున, మూడు ఆసుపత్రులలో జరిగినది. నర్సు వృత్తినుండి వచ్చిన ఆచార్యురాలు క్లేర్ రికార్డు, ఆమె సహచరులు 3,283 మంది రోగులను చీటీ వేసినట్లు రెండు భాగములుగా విభజించిరి. ఒక భాగమువారికి మూడు దినముల కొకసారి గొట్టమును మార్చిరి; రెండవ భాగమువారికి నొప్పి, వాపు, అడ్డంకి మొదలగు కారణము కనబడినప్పుడే మార్చిరి. ఫలితములు 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. రెండు భాగములందును సిరవాపు నూటికి ఏడుగురికే వచ్చినది, భేదము లేదు. 2019లో కోక్రేన్ సంస్థ 9 పరీక్షలను, 7,412 మంది రోగులను కలిపి సమీక్షించెను. సిరవాపునందు గాని రక్తమున సూక్ష్మజీవులు చేరుటయందు గాని స్పష్టమైన భేదము కనబడలేదు. గడువు ప్రకారము మార్చినచో గొట్టము మూసికొనుటయు, ద్రవము చర్మము క్రింద చేరుటయు కొంత తగ్గునని మాత్రము తేలినది. 2014 నాటి ఇంగ్లండు సూచనలు అప్పటికే గడియారమును విడిచి, కారణమును బట్టి మార్చుటను అంగీకరించినవి.

వాదము ముగిసినదని చాలమంది తలచిరి. కాని స్విట్జర్లండులోని జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల అనుభవము మరల ఆలోచింపజేసినది. 2018లో అచ్చట 96 గంటల గడువును ఎత్తివేసి, కారణము కనబడినప్పుడే మార్చు పద్ధతిని పెట్టిరి. గడువు ఉన్న కాలమున 2,41,432 గొట్టములకు గాను 11 మందికి గొట్టము వలన రక్తమున సూక్ష్మజీవులు చేరినవి. గడువు ఎత్తివేసిన పిమ్మట 1,30,779 గొట్టములకు గాను ఆ సంఖ్య 46 అయినది. అనగా సుమారు 22,000కు ఒకటిగా నున్నది 2,800కు ఒకటి అయినది. 2019లో గడువును మరల పెట్టిరి. సంఖ్య మరల తగ్గినది. ఈ వివరములు 2021లో ప్రకటింపబడినవి.

రెండు ఫలితములును ఎట్లు నిజమగును? అపాయము వేలకొకటిగా నున్నప్పుడు, కొన్ని వేలమందిని పరీక్షించినంతమాత్రమున అది చిక్కదు. లక్షల లెక్కలో గాని బయటపడదు. ఇది యొక సమాధానము. జెనీవా లెక్క చీటీ వేసి విభజించిన పరీక్ష గాదు, ఒక కాలమును మరియొక కాలముతో పోల్చినది; కాబట్టి దానికిని పరిమితులున్నవి. మరియొకటి తలపవలసియున్నది. పరీక్ష జరుగుచున్నప్పుడు పరిశోధకులు ప్రతి రోగి చేతిని దినదినము చూచి వ్రాసికొందురు. పని యొత్తిడిలో నున్న సాధారణపు వార్డునందు ఆ చూపు సడలవచ్చును. కారణమున్నప్పుడే మార్చుమనిన, కారణమును వెదకు కన్ను ఒకటి ఉండితీరవలెను. గడియారమును తీసివేసి, ఆ కన్నును నియమింపకున్నచో, రోగిని కనిపెట్టువారు లేరన్నమాట. లాటా వృద్ధురాలి కథయు ఇదియే.

ఏ పద్ధతిని అనుసరించినను వైద్యులందరు అంగీకరించు సంగతులు కొన్ని గలవు. గొట్టమున్న చోటును దినదినము చూడవలెను. తాకుటకు ముందు చేతులు శుభ్రపరచుకొనవలెను. ప్రమాదసమయమున తొందరలో, శుభ్రత చాలక పెట్టిన గొట్టమును రెండు దినములలోగా తీసివేయవలెను. మందు అవసరము తీరిన గొట్టమును ఒక్కనాడును ఉంచరాదు. రేపు పనికివచ్చునేమో యని ఉంచిన గొట్టము, ఇంట నెవరును లేనప్పుడు తెరచియుంచిన తలుపు వంటిది.

ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి – ఈ నాలుగు గుర్తులను సుమారు రెండు వేల ఏండ్లకు పూర్వము రోముదేశీయుడు సెల్సస్ వ్రాసియుంచెను. వానిని కనుగొనుటకు యంత్రముతో పనిలేదు. మంచము ప్రక్కన కూర్చున్న తల్లి గాని కుమారుడు గాని వానిని చూడగలరు. గొట్టమును మనము లాగివేయరాదు. నర్సును పిలిచి, ఇచ్చట నొప్పి యున్నదట, ఎఱ్ఱబడినది, చూడుడు అని చెప్పవలెను. మందు నిలిచిపోయిన నాడు, ఈ గొట్టము ఇంకను అవసరమా అని అడుగుట మర్యాదకు లోపము గాదు. తరువాతిసారి ఆసుపత్రికి పోయినప్పుడు సీసావంక చూచిన చూపును ఒక్కసారి క్రిందికి దించి, రోగి చేతివంక చూతము.