సుబ్బారావుగారి నీలిరంగు, నరాల్లోని కాల్షియం పంపు

జనవరిలో యల్లాప్రగడ సుబ్బారావుగారి జయంతికి మన చెన్నై సంఘం హాల్లో కలుసుకున్నప్పుడు, వణికే చేత్తో కాఫీ గ్లాసు పట్టుకున్న ఒక పెద్దాయన అడిగారు: "ఏమండీ, నేను వేసుకునే కాల్షియం బిళ్ళలు నరాల్లోకి పోయి ఈ వణుకు తెస్తున్నాయా? మానెయ్యమంటారా?" మాలో ఎవరికీ సరైన జవాబు తెలియలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే, ఆ ప్రశ్న మమ్మల్ని లండన్ కుళాయి నీళ్ళ దాకా తిప్పి, మళ్ళీ సుబ్బారావుగారి దగ్గరికే తెచ్చింది.

1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను ఉప్పునీళ్ళలో పెట్టి కొట్టుకునేలా చేశారు. ఆ నీళ్ళు శుద్ధమైన బట్టీ నీళ్ళనుకున్నారు, కానీ కలిపినతను వాడింది కుళాయి నీళ్ళు. నిజంగా బట్టీ నీళ్ళు వాడి చూస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్ళలోని సున్నమే, అంటే కాల్షియమే, గుండెను ఆడించిందని 1883లో ప్రకటించారు.

అంత అవసరమైన కాల్షియాన్ని కణం మాత్రం లోపల ఉండనివ్వదు. బయట ఉన్నదానిలో సుమారు పదివేలో వంతే లోపల. నరం కబురు పంపే క్షణంలో చిన్న తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికొస్తుంది, ఆ రాకే కబురు. వచ్చింది వచ్చినట్టే ఉండిపోతే కణం తన ప్రొటీన్లను తానే కోసుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు బయటికి తోడిపోయాలి.

ఆ తోడేదెవరో మొదట తెలిసింది నరంలో కాదు, ఎర్ర రక్తకణంలో. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హాన్స్ షాట్జ్‌మన్ 1966లో చూపించారు: ఏటీపీ ఉంటేనే రక్తకణం కాల్షియాన్ని బయటికి నెడుతుంది. ఎర్రకణంలో కేంద్రకం లేదు, లోపల గదులూ లేవు. ఉన్నదల్లా పైపొరే కాబట్టి, పని చేసేది పొరేనని తేల్చడం తేలికైంది.

ఇక్కడే మన భీమవరం మనిషి వస్తారు. ఏటీపీ ఆయనొక్కరే కనిపెట్టారని మన సభల్లో చప్పట్లు కొట్టిస్తుంటాం. అది సరికాదు. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. మనం గట్టిగా చెప్పుకోవాల్సింది 1925 నాటి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఏటీపీ విరిగితే ఫాస్ఫేటు విడుదలవుతుంది. దానికి మాలిబ్డేటు కలిపి, మరో మందు వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఎంత నీలమో అంత ఫాస్ఫేటు. ఏటీపీ ఖర్చుచేసే ఎంజైములు, పంపులు ఎంత పని చేశాయో కొలవడానికి దశాబ్దాలపాటు ప్రయోగశాలలు ఈ నీలిరంగు మీద ఆధారపడ్డాయి. మన మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చిన మనిషి పని అది!

1979లో జూరిక్‌లో ఎర్నెస్టో కరఫోలి బృందం పంపును విడదీసి చేతికి తెచ్చుకుంది. మనుషుల్లో దీనికి నాలుగు జన్యువులున్నాయి, వాటిలో రెండు, మూడు రకాలు ముఖ్యంగా నాడీకణాల్లో పనిచేస్తాయి. 1998లో, పుట్టు చెవుడుతో తూలుతూ నడిచే ఒక ఎలుకల జాతిలో చెడిపోయింది రెండో రకమేనని తేలింది. 2012లో మూడో రకం దెబ్బతిన్న ఒక కుటుంబంలో మగపిల్లలకు చిన్నమెదడు సరిగా ఎదగక నడక తూలుతోందని కరఫోలి కూడా ఉన్న బృందం రాసింది. పంపు కుంటుపడితే నరం ఎంత ఇబ్బంది పడుతుందో ఇంతకంటే స్పష్టంగా తెలియదు.

మరి పెద్దాయన బిళ్ళలు? రక్తంలో కాల్షియం మోతాదును గ్రంథులు, ఎముకలు, మూత్రపిండాలు కలిసి కట్టుదిట్టంగా కాపాడతాయి. నరంలోకి వెళ్ళేది తలుపు తెరుచుకున్నప్పుడే. డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకున్న బిళ్ళ నేరుగా పోయి నరంలో పేరుకోదు. వణుక్కి వేరే కారణాలు చాలా ఉంటాయి. మనంతట మనం మానడం మాత్రం వద్దని ఫోన్ చేసి చెప్పాం. "మరైతే ఈ చెయ్యి?" అన్నారాయన. వచ్చే మంగళవారం నరాల డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నారు, తోడుగా మాలో ఇద్దరం వెళ్తున్నాం.