జొన్నరొట్టె జ్ఞాపకము

పెద్దలు భోజనమునకు గూర్చుండినప్పుడు “ఆ కాలపు రుచు లిప్పు డెక్కడివి?” యని నిట్టూర్చుట మన యిండ్లలో తఱచుగా వినబడును. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో నీ నిట్టూర్పు ముఖ్యముగా జొన్నను గూర్చినది. జొన్నరొట్టెయు పుంటికూరయు, గట్కయు పచ్చిపులుసును, బతుకమ్మ పండుగకు రొట్టెను నలిపి బెల్లముతో గలిపిన మలీదయు తలచినంతనే ముదుసళ్ల నోరూరును. ఈ యభిమానమును మేము పరిహసింపము. కాని జ్ఞాపకము సగము మాటయే చెప్పునని మాత్రము మనవి చేయుచున్నాము.

గోధుమపిండివలె జొన్నపిండి సాగదు. దానిని వేడినీటితో మర్దించి, యొక్కొక్క ముద్దను అరచేతితో తట్టి, పెనముపై వేసి, తడి యద్దుచు కాల్చవలెను. అంతకు ముందు తెల్లవారుజామున ఇసుర్రాతికడ గూర్చుండి పిండి విసరవలెను. కొఱ్ఱలు, సామలు నైనచో పొట్టు పోవువరకు దంపవలెను. ఈ పని దాదాపుగా నంతయు స్త్రీలదే. తినినవారికి రుచి జ్ఞప్తియందున్నది. విసరిన చేతుల కాయలు ఎందరికి జ్ఞప్తియందున్నవి? మఱియు నాడు జొన్నను కోరి తినినవారితోపాటు, వరి కొనలేక తినినవారును పెక్కురు గలరు. పండుగకును చుట్టములకును మాత్రమే వరియన్నము వండిన యిండ్లలో జొన్న లేమికి గుఱుతుగా నుండెను.

కావుననే 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు నీయగా పేదలు సంతోషముతో నందుకొనిరి. దీనిని నిందించుట న్యాయము కాదు. ఎందఱి యాకలియో తీరినది. కాని చౌకదుకాణమున చోటు లేని ధాన్యమునకు క్రమముగా చేనియందును చోటు తగ్గినది. అంతకు ముందే, 1970ల నుండి, పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలయసాగినవి. వాని మురుగునీరు నక్కవాగున గలిసి, వాగు వెంబడి పొలములను బావులను చెఱచినది. పొలము విడిచి వేళకు పనికి పోవలసిన కుటుంబమునకు రొట్టెలు తట్టు తీరిక యెక్కడిది?

విచిత్ర మేమనగా, జొన్న పళ్లెమునుండి తొలగుచున్న యా దశాబ్దములలోనే అది పటాన్‌చెరులో శాస్త్రజ్ఞుల యాదరమును పొందినది. 1972లో నచ్చట స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధన సాగించుచు, లక్షకు పైబడిన విత్తనపు రకములను శీతలాగారమున భద్రపఱచినది. ఇది గొప్ప సేవయే. అయితే విత్తనము శీతలాగారమున నిలిచినను, వంట నిలువవలసినది వంటయింటనే.

ఆ వంటను, విత్తనమును గూడ నిలిపినవారిలో ముఖ్యులు జహీరాబాదు ప్రాంతపు పేద స్త్రీలు. 1983లో నేర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యండతో, పెక్కురు దళితులైన యీ స్త్రీలు సంఘములుగా గూడి, బీడు భూములను సాగులోనికి తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగువానిని కలిపి పండించిరి. విత్తనములను తమ యిండ్లలోనే దాచిరి. 1990ల నడుమ తాము పండించిన జొన్నలనే గ్రామములోని పేదలకు తక్కువ వెలకు పంచు నేర్పాటును జేసికొనిరి. 2019లో నా సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. నాడు చిన్నచూపునకు గుఱియైన కొఱ్ఱ నేడు అంగడిలో సాధారణ బియ్యముకంటె ప్రియము. ధనికులు ఆరోగ్యమునకై కొనుచున్నారు. పండించిన కూలివాని బిడ్డకు మాత్రము తెల్లగా మరపట్టిన బియ్యపన్నమే మిగులుచున్నది. తవుడుతోపాటు ఆ బియ్యపు సారమును చాలవఱకు పోయినదని మనకు తెలియును.

కాబట్టి చదువరులకు మా విన్నపము రెండు మాటలు. పాత తిండిని కోరుదము. పాత చాకిరిని కోరవలదు. పిండిమర యున్నది, పొట్టు తీయు యంత్రమున్నది. రొట్టె తట్టుట పురుషులకును రాని విద్య కాదు. జొన్నలు చౌకదుకాణమునకు వచ్చినగాని యవి అందఱి పళ్లెమునకు రావు. ఈ రెండును జరుగనిచో, మన నిట్టూర్పువలన కోడలికి మఱియొక పనియు, అంగడివానికి మఱికొంత లాభమును తప్ప వేఱు ఫలముండదు.