డోవర్ కవాతులో మన వీధిబడి

ఇంగ్లండులో డోవర్ పేరు చెబితే అందరికీ సముద్రం అంచున నిలబడ్డ తెల్లని సుద్దకొండలు గుర్తొస్తాయి. ఆ ఊరి ఎత్తుల మీదే డ్యూక్ ఆఫ్ యార్క్ రాయల్ మిలిటరీ స్కూలు ఉంది. ఏటా వేసవి సెలవులకు ముందు అక్కడ గ్రాండ్ డే జరుగుతుంది. పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలు సైనిక దుస్తులు వేసుకుని, సొంత బ్యాండు మేళంతో, పటాలాలకు ఉన్నట్టే తమ బడికీ ఉన్న పతాకాన్ని ఎత్తిపట్టి, తల్లిదండ్రుల ఎదుట కవాతు చేస్తారు. పిల్లల కవాతు మనకు కొత్త కాదు, ఎన్‌సీసీ ఉన్న ప్రతి ఊళ్ళోనూ చూసిందే. ఇక్కడ ఆలోచనలో పడేసేది, వరుసల ముందు నిలబడి ఆజ్ఞలిచ్చేది కూడా పై తరగతి విద్యార్థులే కావడం. వసతిగృహాల్లోనూ చిన్నవాళ్ళ మంచిచెడ్డలు చాలావరకు పెద్దపిల్లల చేతుల్లోనే ఉంటాయి. ఈ ఏర్పాటు సైన్యం నుంచి బడిలోకి దిగివచ్చిందని ఎవరైనా అనుకుంటారు. ఈ బడి చరిత్ర తిరగేస్తే అది సగమే నిజమని తేలుతుంది. మిగతా సగానికి మూలం దక్షిణ భారతదేశపు అరుగుల మీద ఉంది. సైనిక వసతి పాఠశాలను నిలబెట్టేది ఆయుధమూ ఆజ్ఞా కంటే ముందు, పెద్దపిల్లవాడు చిన్నవాడి భారం మీద వేసుకోవడమేనని నా నమ్మకం. ఆ సంగతి మనవాళ్ళకు తెలియాలనే ఈ వ్యాసం.

ఈ బడి ఫ్రాన్సుతో యుద్ధాల కాలంలో పుట్టింది. సిపాయి చచ్చిపోతే అతని పిల్లలు వీధిన పడడం ఇంగ్లండులో అప్పటిదాకా మామూలు విషయం. రాజుగారి రెండో కొడుకూ సర్వసేనాధిపతీ అయిన ఫ్రెడరిక్, అంటే డ్యూక్ ఆఫ్ యార్క్, 1801లో లండన్‌లోని చెల్సీలో దీనికి శంకుస్థాపన చేశాడు. 1803లో రాయల్ మిలిటరీ అసైలమ్ అనే పేరుతో పిల్లల్ని చేర్చుకోవడం మొదలైంది. అధికారుల బిడ్డలకు కాదు, మామూలు సిపాయిల బిడ్డలకు, మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ. తల్లీ తండ్రీ లేనివాళ్ళకు మొదటి చోటు. తండ్రి యుద్ధంలో పోయినవాళ్ళు, తల్లి చనిపోయి తండ్రి పరాయి దేశాల్లో కొలువు చేస్తున్నవాళ్ళు ఆ తరువాత. ఒక రాజ్యం తన సిపాయికి పడ్డ బాకీని అతని బిడ్డలకు తీర్చాలనుకోవడం ఆనాటికి చిన్న మాట కాదు. అయితే అంతమంది పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళను ఎక్కణ్ణుంచి తేవాలి, జీతాలెలా ఇవ్వాలి అన్న చిక్కు వెంటనే ఎదురైంది. దానికి జవాబు మద్రాసు నుంచి వచ్చింది.

ఆండ్రూ బెల్ స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన మతాచార్యుడు. 1787లో మద్రాసు చేరి, 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి పెద్ద అయ్యాడు. తెల్ల సిపాయిలకూ అక్కడి స్త్రీలకూ పుట్టి, దిక్కులేకుండా మిగిలిన పిల్లలు అందులో ఉండేవారు. అంటే అదీ సిపాయి బిడ్డల బడే. అక్కడి ఉపాధ్యాయులకు ఓపికా లేదు, కొత్తది నేర్చుకునే మనసూ లేదు. ఒకనాడు బెల్ కంట ఒక వీధిబడి పడింది. పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలకా బలపమూ, కాగితమూ కలమూ, ఏ ఖర్చూ లేదు. తన బడిలోనూ అలా చేయించమంటే ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడతను ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే సిపాయి కొడుకును పిలిచి, చిన్నవాళ్ళకు ఇసుకలో అక్షరాలు దిద్దించే పని అప్పజెప్పాడు. పెద్దవాళ్ళు కాదన్న పనిని ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడు చేసి చూపించాడు. చదువుల చరిత్రలు గొప్పగొప్ప పండితుల పేర్లు తలుస్తాయి గానీ, తలవవలసిన వాళ్ళలో ఈ పిల్లవాడూ ఒకడు. త్వరలోనే ఆ బడిలో పాఠం చెప్పడమూ, అప్పజెప్పించుకోవడమూ, క్రమశిక్షణ చూడడమూ చాలావరకు పిల్లల చేతుల్లోకే వచ్చాయి. బెల్ స్వదేశం వెళ్ళి 1797లో ఈ ప్రయోగం మీద పుస్తకం అచ్చువేశాడు. కొద్ది ఏళ్ళలోనే చెల్సీలోని సైనిక బడి మద్రాసు పద్ధతిని అందుకుంది. 1812 నుంచి పటాలాల బడుల్లో సార్జెంట్ ఉపాధ్యాయులను పెట్టినప్పుడు వాళ్ళు పట్టుకెళ్ళిందీ ఆ పద్ధతే. బెల్ ఆస్తితో సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన బడి పేరు ఈనాటికీ మద్రాస్ కాలేజీ.

ఇది బెల్ సొంత ఆవిష్కరణే కదా, మన వీధిబడికి ఇందులో వాటా ఏమిటని అడిగేవాళ్ళున్నారు. పిల్లల చేత పిల్లలకు చెప్పించడం తన కల్పనేనని బెల్ కూడా చెప్పుకున్నాడు. సాక్ష్యాలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. అతనికి నూటయాభై ఏళ్ళకు పైగా ముందే, 1623లో, ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే కన్నడ దేశంలో ఇక్కేరికి పోయే దారిలో, పంతులు లేకుండా పిల్లలు ఒకరికొకరు లెక్కలు చెప్పుకుంటూ, రాగం తీస్తూ, ఇసుకలో రాసుకోవడం చూసి రాసిపెట్టాడు. అంతకంటే మనకు దగ్గరి సాక్ష్యం బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక. దత్తమండలాల్లోని ఆ జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులు. చదువు సాగినవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతారనీ, ఇది మెచ్చుకోదగ్గ పద్ధతనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేననీ ఆ అధికారే ఒప్పుకున్నాడు. కంపెనీ కొలువులో ఉన్న మనిషికి మనల్ని పొగడవలసిన అవసరం లేదు. ఇదే నివేదికలో మనసు కలుక్కుమనే మాటా ఉంది. సీమ బట్టలు వచ్చిపడి నేతగాళ్ళు చితికిపోయారు, జనం పేదలయ్యారు, బిడ్డల్ని బడికి పంపే స్తోమత తగ్గి బడులు క్షీణిస్తున్నాయి అని. ఆ పద్ధతి చెల్సీలో వేళ్ళూనుకుంటున్న కాలంలోనే అది పుట్టినచోట ఎండిపోతోంది. మన వీధిబడులు సాగిన అరుగులు ఇంగ్లండులో ఇళ్ళకు ఉండవు. తలుపు తీస్తే మెట్టు, మెట్టు దిగితే రోడ్డు. దారినపోయేవాడు ఆగి పిల్లల అక్షరం సరిచేసి పోయే చోటు ఇంటి ముందు లేకపోవడం ఎంత లోటో, అరుగున్న ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళకు తెలుస్తుంది. ఇప్పుడు మన ఊళ్ళలోనూ అరుగులు పోతున్నాయని వింటే ఆ దిగులు రెట్టింపవుతుంది.

మద్రాసు పద్ధతి ఇంగ్లండులో నిలబడలేదు కదా అనే అభ్యంతరమూ న్యాయమైనదే. వందలమందికి ఒక్క పంతులు, మధ్యలో వల్లె వేయించే పిల్లలు, ఇలా చదువు మరబొమ్మల ఆటైపోయింది. బట్టీ దోషం మన బడుల్లోనూ ఉంది, అర్థం తెలియని పద్యాలు వల్లించడాన్ని క్యాంప్‌బెల్ తప్పుపట్టాడు. చివరికి 1846లో చెల్సీలోనే సైనిక ఉపాధ్యాయులకు శిక్షణాలయం తెరవవలసి వచ్చింది. కానీ ఓడిపోయిందేదో తరచి చూడాలి. వీధిబడిలో పంతులు ప్రతి పిల్లవాణ్ణీ ఎరిగి ఉండేవాడు, పెద్దపిల్లవాడు అతనికి సాయం మాత్రమే. ఇంగ్లండు ఆ సాయాన్ని పంతులుకు బదులుగా, ఖర్చు తగ్గించే ఉపాయంగా వాడుకుంది. విఫలమైంది ఆ పొదుపు. పాఠం పెద్దల చేతికి తిరిగివెళ్ళాక కూడా, పడకగదిలోనూ భోజనశాలలోనూ కవాతు మైదానంలోనూ చిన్నవాణ్ణి పెద్దవాడు చూసుకోవడం సైనిక బడిలో మిగిలింది. ఇంగ్లండులోని తక్కిన వసతి బడుల్లోనూ పెద్దపిల్లల పెత్తనం ఉంది, సైన్యపు హోదాల ప్రభావమూ ఉంది. డోవర్ ఆచారమంతా మన సొత్తని నేననను. ఆ ఆచారానికున్న వేళ్ళలో ఒకటి మనదని మాత్రం గట్టిగా అంటాను.

అసలు పసివాళ్ళను సైన్యానికి మేపే కొట్టం కాదా ఇది అన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. తొలినాళ్ళ నిబంధనలు దానికి బలమిస్తాయి. బిడ్డను చేర్చేటప్పుడే, ఈడొచ్చాక ఏ పనిలో పెట్టేదీ బడివాళ్ళ ఇష్టానికి వదలాలి. ఆడపిల్లలు పనిమనుషులుగా, మగపిల్లలు వృత్తిపనులకు, లేదా సొంత ఇష్టం మీద సైన్యంలోకి. బడే ఇల్లయిన పిల్లవాడి ఇష్టం ఎంత స్వేచ్ఛగా ఉంటుంది? ఈ అన్యాయాన్ని దాచి ఈ బడిని పొగడడం తప్పు. వసతిగృహాలకు పెట్టిన సేనాపతుల పేర్లలో వెల్లింగ్టన్ ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం పోరులో ఉన్న మనిషి అతను. ఆ యుద్ధంలో నిజాముకు దక్కిన వాటా మరుసటి ఏడే కంపెనీ చేతికి పోయిన దత్తమండలాల్లో కలిసింది. తెలుగు కళ్ళతో చూస్తే ఆ పేరు దగ్గర చూపు ఆగక మానదు. కానీ బడి ఉన్నచోటే ఆగిపోలేదు. 1909లో డోవర్‌కు మారింది. పందొమ్మిదో శతాబ్దంలోనే దూరమైన ఆడపిల్లలు 1994లో తిరిగి వచ్చారు. 2010 నుంచి సైనిక కుటుంబాలు కానివాళ్ళ పిల్లలకూ తలుపులు తెరిచింది. సైన్యంలో చేరాలన్న షరతేమీ లేదు. సైన్యం అవసరం చుట్టూ అల్లిన నిబంధనలన్నీ రాలిపోయాక కూడా ఈ బడి బతికి ఉందంటే, దాన్ని పట్టి నిలిపింది పిల్లల మధ్య ఉన్న బంధమేనని ఒప్పుకోక తప్పదు.

ఇది మనకెందుకంటే, మనకూ సైనిక బడులున్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచీ ఉంది, చిత్తూరు వైపు కలికిరిలో మరొకటి వచ్చింది. వాటిలో సీటు కోసం పదేళ్ళ పిల్లల్ని కోచింగుల్లో పడేస్తున్న తల్లిదండ్రులు ఎన్‌డీఏకి ఎందరు వెళ్ళారు, ర్యాంకులెన్ని అని అడుగుతారు. అడగవలసిందే. దానికి ముందు అడగవలసింది, కొత్తగా చేరిన బిడ్డ రాత్రి బెంగపెట్టుకుంటే పక్కన కూర్చునే పెద్దపిల్లవాడు ఎవరు, ఆ పని అతనికి ఎవరు నేర్పారు, అతను హద్దు దాటితే పట్టుకునే పెద్దవాళ్ళు ఎవరు అని. పెద్దపిల్లవాడి చేతికిచ్చిన అధికారం సేవగా పండవచ్చు, ర్యాగింగుగా కుళ్ళవచ్చు. రెంటికీ తేడా, వెనక ప్రతి పిల్లవాణ్ణీ ఎరిగిన పంతులు ఉన్నాడా లేడా అన్నదే. ఈ సూత్రం మన వీధిబడికి తెలుసు. ఇంగ్లండు దాన్ని తీసుకుని, పాడుచేసి, దిద్దుకుని, రెండు వందల ఏళ్ళుగా కాపాడుకుంటోంది. మనదైన దాన్ని పరాయి గొప్పగా చూసి చేతులు జోడించనక్కర్లేదు, మనదేనని చెప్పి ఊరుకున్నా చాలదు. మన హాస్టళ్ళలో, గురుకులాల్లో, సైనిక బడుల్లో దాన్ని మళ్ళీ సరిగ్గా ఆచరణలో పెట్టడమే మన వంతు పని.